1966 ఎంజీబీ: జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు మాట వినడం లేదు

లెస్టర్ డాక్టర్ (ఇంగ్లండ్) | శనివారం, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఏనాడూ రాసింది లేదు. ఇప్పుడు దిక్కుతోచక రాస్తున్నాను.

కారు 1966 ఎంజీబీ రోడ్‌స్టర్, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజను, పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు అందించడానికి ఎస్‌యూ కంపెనీవి రెండు హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు. కొన్నప్పటికి పదకొండేళ్లుగా ఒకరి గరాజులో దుప్పటి కప్పుకుని పడుకున్న బండి. బాడీ, బ్రేకులు, వైరింగు పనులు అయ్యాయి, రంగు పడింది. ఇంజను స్టార్ట్ అవుతోంది, అంతవరకు సంతోషమే. అసలు గోల ఆ తర్వాతే.

చోక్ లోపలికి నెట్టేశాక స్లో (యాక్సిలేటర్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) నిలవదు. కాసేపు 1200 ఆర్‌పీఎం దగ్గర ఊగుతుంది, సిగ్నల్లో ఆగితే 500కి పడిపోయి గుటుక్కుమంటుంది. యాక్సిలేటర్ మెల్లగా తొక్కితే ముందు గుక్క పట్టినట్టు ఆగి, తర్వాత ఒక్క ఉదుటున లాగుతుంది. 2500 దాటితే మిస్సింగ్. ప్లగ్గులు విప్పి చూస్తే 1, 2 సిలిండర్లవి కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగులా నల్లగా ఉన్నాయి. 3, 4 మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా.

నేను చేసిన ఘనకార్యం: రెండు కార్బ్యురేటర్లూ విప్పి వంటింటి బల్ల మీద పరిచి కడిగాను. మా ఆవిడ ఆ సంగతి ఇంకా మర్చిపోలేదు. కొత్త గ్యాస్కెట్లు, కొత్త జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని గొట్టాలు) వేశాను. పైనుండే గంటల్లాంటి అల్యూమినియం మూతల్ని అద్దంలా పాలిష్ పట్టాను. బిగించాక స్క్రూలు అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఇప్పుడు ఏది ఎక్కడుందో నాకే తెలియదు. ఊళ్లో ఒక గరాజు వాళ్లు ఇవి పారేసి ఒకే వెబర్ కార్బ్యురేటర్ పెట్టుకోమన్నారు. మనసొప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఆర్‌డీ 350 (హైదరాబాద్) | శనివారం, రాత్రి 10:52

అన్నా, నీ బాధ నాకు తెలుసు. రాజ్‌దూత్ 350 పదిహేనేళ్లుగా నడుపుతున్నా. ఒక్కో సిలిండరుకు ఒక్కో మికుని కార్బ్యురేటర్. రెండింట్లో ఒక స్లైడు వెంట్రుకవాసి ముందు లేచినా బండి నత్తి కొడుతుంది. బంకులో పిల్లలంతా నన్ను పేరు పెట్టి పిలుస్తారు, అంత మైలేజీ. కారు సంగతి నాకు తెలియదు గానీ ఈ థ్రెడ్ వదలను.

సైడ్‌డ్రాఫ్ట్ (హ్యూస్టన్) | శనివారం, రాత్రి 11:30

ముందు రెండింటినీ బ్యాలెన్స్ చేయండి. గాలి కొలిచే మీటర్ ఒకటి కొనండి, కార్బ్యురేటర్ నోటికి ఆనిస్తే ఎంత గాలి పీలుస్తోందో ముల్లు చూపిస్తుంది. రెండూ ఒకే అంకె చూపేదాకా స్లో స్క్రూలు తిప్పాలి. నా దగ్గర 1971 డాట్సన్ 240జడ్ ఉంది. దానికి హిటాచీ వాళ్లవి ఎస్‌యూ పద్ధతివే రెండు. మీటర్ కొన్న రోజున నా జీవితం బాగుపడింది.

అంబాసిడర్ మామ (రాజమండ్రి) | ఆదివారం, ఉదయం 6:05

డాక్టరు గారూ, హ్యూస్టన్ బాబు చెప్పింది తప్పు కాదండి, కాకపోతే అది నాలుగో మెట్టు. మీరింకా గడప కూడా ఎక్కలేదు. ముందు ఆ కార్బ్యురేటర్ల మీద చెయ్యి తియ్యండి.

ముప్ఫై ఐదేళ్లు షెడ్డు నడిపానండి. మన అంబాసిడర్‌దీ, మీ బండిదీ ఒకే ఇంటి ఇంజను, బీఎంసీ వాళ్ల బీ సిరీస్. మనకొచ్చింది 1489 సీసీ, ఒక్క కార్బ్యురేటర్‌తో. 1955లో ఎంజీఏ అని స్పోర్ట్స్ కారు తీసినప్పుడు అదే 1489కి రెండు ఎస్‌యూలు తగిలించారు. తర్వాత దాన్నే పెంచి మీ 1798 చేశారు. అందుకని మీ బండిని ఎప్పుడూ ముట్టుకోకపోయినా దాని మేనత్త కొడుకుల్ని వందల్లో చూశానండి.

షెడ్డుకొచ్చే పదింట్లో ఆరు బళ్లు "మామా, కార్బ్యురేటర్ ప్రాబ్లం" అనే వచ్చేవి. ట్యాపెట్లు (వాల్వుల మీది సందు) సరిచేసి, పాయింట్లు (స్పార్కును నడిపే కాంటాక్టులు) రుద్ది, స్పార్క్ టైమింగ్ పెడితే కార్బ్యురేటర్ దానంతటదే బాగుపడిపోయేది. మీరూ అదే వరసలో వెళ్లండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్లు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. తొమ్మిది లెక్క తెలుసు కదా? ఎనిమిది వాల్వులు, ఏది పూర్తిగా కిందికి నొక్కుకుని ఉందో దాని నంబరును తొమ్మిదిలోంచి తీసెయ్యండి, వచ్చిన నంబరు వాల్వు సరిచెయ్యండి. ఒకటి తెరిచి ఉంటే ఎనిమిది, మూడు తెరిచి ఉంటే ఆరు. పాయింట్ల గ్యాప్ 15 థౌ, ప్లగ్గులు 25. టైమింగ్ ఇంజను ఆపి పెడితే 10 డిగ్రీలు. ఇవన్నీ చేసి, అప్పుడు రండి.

షెడ్డు పిల్ల (వరంగల్ – పుణె) | ఆదివారం, ఉదయం 9:20

మామగారి మాటే నాదీ. కాకపోతే ఒక్క అనుమానం. ఈ ఇంజనులో నాలుగు సిలిండర్లకు హెడ్డులో గాలి దారులు రెండే. ముందు కార్బ్యురేటర్ 1, 2కి, వెనకది 3, 4కి. 1, 2 నలుపు, 3, 4 తెలుపు అంటే ముందుది రిచ్ (పెట్రోలు ఎక్కువ), వెనకది లీన్ (పెట్రోలు తక్కువ). టైమింగ్ తప్పితే నాలుగూ ఒకేలా పాడవ్వాలి, ఇలా జంటలుగా చీలవు. కాబట్టి మామగారి పనులయ్యాక కూడా మీకు కార్బ్యురేటర్ పని తప్పదు.

ఒక ప్రశ్న. ఆ గంటల్ని పాలిష్ పట్టేటప్పుడు ఏది దేనిదో గుర్తు పెట్టుకున్నారా?

లెస్టర్ డాక్టర్ | ఆదివారం, రాత్రి 8:40

ముందు ట్యాపెట్ల సంగతి. ఎనిమిదింట్లో మూడు బిగుసుకుని ఉన్నాయి, ఒకదాంట్లో 8 థౌ ఫీలర్ (సందు కొలిచే రేకు) కూడా కష్టం మీద దూరింది. పాయింట్ల మీద చిన్న గుట్ట, ఎదుట చిన్న గుంట. కొత్తవి వేశాను. టైమింగ్ 10కి బదులు 4 దగ్గర ఉంది. అన్నీ సరిచేశాక బండి చటుక్కున స్టార్ట్ అయింది, స్లో ఊగడం సగానికి తగ్గింది. మామగారికి పాదాభివందనం. 2500 దగ్గర మిస్సింగ్, ప్లగ్గుల రంగు మాత్రం అలాగే ఉన్నాయి.

గంటల సంగతి... గుర్తు పెట్టుకోలేదమ్మా. రెండూ ఒకేలా ఉన్నాయి కదా అనుకున్నాను.

షెడ్డు పిల్ల | ఆదివారం, రాత్రి 9:15

ఒకేలా కనిపిస్తాయి, కావు. గంట, దాని లోపల పిస్టన్ ఫ్యాక్టరీలో జంటగా కలిపి పంపినవి. పిస్టన్ పక్క గోడకు తగలకూడదు, అలాగని సందు ఎక్కువై గాలి జారిపోకూడదు. మా నాన్న ఎస్‌యూ విప్పితే ముందు గంట మీద, పిస్టన్ మీద, బాడీ మీద ఒకే చోట చాక్‌పీస్ గీత పెట్టేవాడు. చిన్నప్పుడు ఆ గీతలు పెట్టడమే నా ఉద్యోగం.

పరీక్ష ఇది. గంట నెత్తిన ఉండే డ్యాంపర్ తీసి, పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను పైకెత్తి వదలండి. కింద కార్బ్యురేటర్ లోపలి గట్టు మీద పడ్డప్పుడు "టక్" అని శుభ్రంగా మోగాలి. మెత్తగా దిగినా, మధ్యలో ఆగినా ఎక్కడో రాసుకుంటోంది. గంటలు మార్చి వేసి మళ్లీ వినండి. పనిలో పని, నీడిల్ (పిస్టన్ అడుగున ఉండే సూది) మొదట్లో చెక్కిన అక్షరాలు కూడా చూడండి, రెండింటికీ ఒకటే ఉండాలి.

సైడ్‌డ్రాఫ్ట్ | సోమవారం, ఉదయం 7:10

పాలిష్ ఎప్పుడూ బయటే పట్టాలి. లోపల మెరుగుపెట్టే పేస్టు ముట్టించారా? ముట్టిస్తే ఆ గంట ఇక గుడి గంటకే పనికొస్తుంది.

లెస్టర్ డాక్టర్ | సోమవారం, ఉదయం 7:35

లోపల పెట్రోలు గుడ్డతో తుడిచానంతే. దేవుడు కాపాడాడు.

ఆర్‌డీ 350 | సోమవారం, మధ్యాహ్నం 1:20

అసలు ఆ పిస్టన్ ఎందుకు లేస్తుంది? మా మికునిలో కేబుల్ లాగితే స్లైడు లేస్తుంది. దీనికి కేబుల్ ఏదీ?

అంబాసిడర్ మామ | సోమవారం, మధ్యాహ్నం 2:45

దీనికి కేబుల్ కట్టింది కింద సీతాకోకచిలక రేకుకే బాబూ. రేకు తెరిస్తే ఇంజను గాలి లాగుతుంది, ఆ లాగుడు సన్నని రంధ్రంలోంచి గంటలోకి చేరి పిస్టన్‌ను పైకి పీలుస్తుంది. పిస్టన్ అడుగున సూది, సూది జెట్టులో. పిస్టన్ లేచిన కొద్దీ సూదిలోని సన్నని భాగం జెట్టు దగ్గరికి వచ్చి పెట్రోలు ఎక్కువ దారి దొరుకుతుంది. నువ్వెంత తొక్కావన్నది కాదు, ఇంజను ఎంత అడిగిందన్నది లెక్క. పైన డ్యాంపర్‌లో ఆయిల్ ఎందుకంటే, తొక్కగానే పిస్టన్ ఎగిరిపడకుండా, ఆ క్షణం కాస్త చిక్కగా అందించడానికి. ఆయిల్ లేకపోతే డాక్టరు గారు చెప్పినట్టు గుక్క పడుతుంది.

డాక్టరు గారూ, ఆయిల్ చూశారా?

లెస్టర్ డాక్టర్ | సోమవారం, రాత్రి 9:50

ఒకదాంట్లో ఉంది, రెండోది ఎండిపోయి ఉంది. రెండింట్లోనూ ఇంజనుకు వాడే 20డబ్ల్యూ50 పోశాను.

గంటలు మార్చాను. వెనకది "టక్" అంది! ముందుది అనలేదు. నీడిళ్లు రెండూ ఒకటే, ఎఫ్‌ఎక్స్ అని చెక్కి ఉంది.

ఒక పక్క ముచ్చట. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్ అట. స్కిన్నర్ల కుటుంబానిది బూట్ల వ్యాపారం. మొదటి రోజుల్లో ఈ పిస్టన్ బదులు తోలు తిత్తి పెట్టేవాళ్లట, కొలిమి తిత్తిలాగా. 1926లో మోరిస్ వాళ్లు కంపెనీని కొనేశారు.

అంబాసిడర్ మామ | మంగళవారం, ఉదయం 5:50

చెప్పుల కొట్టు వాళ్లా! ఇన్నేళ్లూ తెలియదండి. అందుకే కాబోలు ఎవరి కాలికి ఎవరి జోడు వాళ్లదే.

ముందుది మోగకపోతే జెట్టు మధ్యలో లేదు. మీరు కొత్త జెట్లు వేశామన్నారు, సెంటర్ చేసినట్టు మాత్రం రాయలేదు. మీ 1966 బండికి నీడిల్ కదలకుండా బిగించినది, కాబట్టి జెట్టే దాని చుట్టూ సర్దుకోవాలి. జెట్టు కింద ఉన్న లింకు విప్పి, సర్దుబాటు నట్టును పూర్తిగా పైకి తిప్పండి. దాని పైనున్న పెద్ద లాక్ నట్టును కాస్త వదులు చెయ్యండి. డ్యాంపర్ రంధ్రంలోంచి పెన్సిల్‌తో పిస్టన్‌ను మెల్లగా కిందికి నొక్కి పట్టుకోండి, జెట్టు తన దారి తాను వెతుక్కుంటుంది. అలాగే పట్టుకుని లాక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడే మళ్లీ పక్కకు జరుగుతుంది, రెండు మూడు సార్లు చేయక తప్పదు. విసుక్కోకండి.

లెస్టర్ డాక్టర్ | బుధవారం, రాత్రి 11:05

ఆరోసారికి మోగింది. ఆ "టక్" విన్నాక గరాజులో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

ఇంకోటి దొరికింది. ఇంజను నడుస్తుండగా వంగి టార్చి వేసి చూస్తున్నాను. చోక్ లాగితేనే జెట్టు కిందికి దిగాలి, కానీ చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉన్నా, ముందు జెట్టు తల దాని నట్టుకు ఆనుకోలేదు. గోరు మందం సందు. చూపుడువేలితో జెట్టును పైకి నొక్కాను, మిస్సింగ్ ఆగిపోయింది. వేలు తీస్తే మళ్లీ మొదలు. రెండు చోక్‌లను కలిపే కడ్డీని నేను బిగించినప్పుడు ముందుది కాస్త దిగి ఉన్నట్టుంది. అంటే ఇన్నాళ్లూ ముందు కార్బ్యురేటర్ సగం చోక్‌లోనే నడుస్తోంది!

కడ్డీ వదులు చేసి, రెండు జెట్లూ నట్లకు ఆనుకున్నాక మళ్లీ బిగించాను. 1, 2 నలుపు తగ్గింది. 3, 4 మాత్రం తెలుపే. వెనకదాని నట్టు ఎంత దింపినా స్లోలో లీన్‌గానే ఉంటోంది.

సైడ్‌డ్రాఫ్ట్ | గురువారం, ఉదయం 6:40

అయితే ఎక్కడినుంచో దొంగగాలి. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, లేదా థ్రాటిల్ షాఫ్ట్ (ఆ సీతాకోకచిలక రేకు తిరిగే ఇరుసు) అరుగుదల. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూడండి, లీకు ఉన్నచోట ఆర్‌పీఎం మారుతుంది.

అంబాసిడర్ మామ | గురువారం, ఉదయం 7:15

వద్దండీ బాబూ! మీ ఇంజనుకు గాలి లోపలికి వెళ్లేదీ, పొగ బయటికొచ్చేదీ ఒకే పక్క. కార్బ్యురేటర్ల కిందే పొగ వెళ్లే మ్యానిఫోల్డ్ నిప్పులా కాలుతుంటుంది. మా షెడ్డులో కుర్రాడొకడు ఇలాగే పెట్రోలు చిలకరించి కనుబొమలు పోగొట్టుకున్నాడు, పెళ్లిచూపులు వాయిదా పడ్డాయి. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే సీసా తీసుకోండి. షాఫ్ట్ రెండు చివర్లా సన్నగా నీళ్లు కొట్టండి. గొంతు మారిందంటే గాలి అక్కడినుంచే.

షెడ్డు పిల్ల | గురువారం, ఉదయం 8:00

ఇంజను ఆపి షాఫ్ట్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. వేలికి ఆట తగిలితే అరిగినట్టే. అది ఉన్నంతకాలం చెవితో అయినా మీటర్‌తో అయినా ట్యూనింగ్ నిలవదు, ఈ రోజు కుదిరింది రేపు ఉండదు.

లెస్టర్ డాక్టర్ | గురువారం, రాత్రి 9:30

వెనకదాని షాఫ్ట్ కటకటలాడుతోంది. నీళ్లు కొట్టగానే ఇంజను గొంతు మారింది. ముందుది కొంచెం నయం. ఎలాగూ విప్పుతున్నాను కాబట్టి రెండు బాడీలూ బుష్‌లు వేయించడానికి పంపిస్తున్నాను, కొత్త షాఫ్టులతో సహా. ఇక్కడ ఇంగ్లండులోనే సాలిస్‌బరీలో బర్లెన్ వాళ్లు ఎస్‌యూ విడిభాగాలు ఇప్పటికీ కొత్తగా తయారుచేస్తున్నారు, అదొక్కటి ఈ దేశంలో అదృష్టం. బిల్లు సంగతి మా ఆవిడ ఈ వేదిక చదవదన్న ధైర్యంతో కూడా రాయను.

ఆర్‌డీ 350 | గురువారం, రాత్రి 10:10

తెలుగు చదవడం రాదా వదినకి?

లెస్టర్ డాక్టర్ | గురువారం, రాత్రి 10:12

నాకంటే బాగా వచ్చు. అదే భయం.

[మూడు వారాల తర్వాత]

లెస్టర్ డాక్టర్ | శుక్రవారం, రాత్రి 8:20

బాడీలు వచ్చాయి. బిగించాను. షాఫ్టులు వెన్నలా తిరుగుతున్నాయి, ఆట లేదు. పెట్రోలు పైపులు కూడా మార్చాను. ఇక్కడ 2021 నుంచి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదట. నేను ఖరీదైన రకమే పోస్తున్నాను, అందులో ఐదు శాతం మించదు. ఇప్పుడు మొదటినుంచి ట్యూనింగ్ ఎలా చేయాలో మామగారు చెప్పాలి.

అంబాసిడర్ మామ | శనివారం, ఉదయం 6:30

మాకిప్పుడు ఇరవై శాతం పోస్తున్నారండి, ఇక్కడ పాత బళ్ల పైపులు జిగురైపోతున్నాయి. ఆ ఏడుపు ఇంకోసారి.

రెండు కార్బ్యురేటర్లని ముందు రెండుగా చూడాలి, తర్వాతే ఒకటిగా. మధ్యలో థ్రాటిళ్లను కలిపే షాఫ్టు క్లాంపులు వదులు చెయ్యండి. చోక్ కడ్డీ కూడా. ఇది చేయకుండా తిప్పితే ఒకదాని స్క్రూ రెండోదాన్ని కూడా తోస్తుంది, జీవితకాలం తిప్పుతూనే ఉండొచ్చు.

ఎయిర్ ఫిల్టర్లు తీసెయ్యండి. స్లో స్క్రూలు రెండూ పూర్తిగా వదిలి, రేకు మూసుకున్నాక ఒకటిన్నర చుట్టు లోపలికి. జెట్టు నట్లు పైదాకా బిగించి, అక్కణ్నుంచి రెండేసి చుట్లు కిందికి. నట్టుకి ఆరు పలకలు కాబట్టి 12 పలకలు. పైకి బిగిస్తే లీన్, కిందికి దింపితే రిచ్, ఇది గోడ మీద రాసుకోండి, తలకిందులుగా వంగినప్పుడు అందరూ తికమకపడతారు.

బండి బాగా వేడెక్కనివ్వండి. ముందు గాలి. రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, రెండో చివర కార్బ్యురేటర్ నోట్లో ఒకే చోట పెట్టి "స్స్" శబ్దం వినండి. రెండూ ఒకే స్థాయిలో వచ్చేదాకా స్లో స్క్రూలు. తర్వాత మిక్స్చర్. రెండు నట్లూ సమానంగా, ఒక్కో పలక చొప్పున తిప్పుతూ ఇంజను అన్నిటికన్నా జోరుగా తిరిగే చోటు పట్టుకోండి. వేగం పెరిగిపోతే స్లో స్క్రూలు రెండూ సమానంగా తగ్గించండి. మూడు నిమిషాలకోసారి ఆగి, 2500 దాకా ఓ అర నిమిషం రేస్ చేసి వదలండి, లేకపోతే ప్లగ్గులు మసిపట్టి మిమ్మల్ని మోసం చేస్తాయి.

చివర్న పిన్ను పరీక్ష. ఒక్కోదాని పిస్టన్‌ను చిటికెడు, అంటే ఒక మిల్లీమీటరు లోపే ఎత్తండి. వేగం పెరిగి పెరిగినట్టే ఉంటే రిచ్. వెంటనే పడిపోతే లీన్. ఒక్క క్షణం కాస్త పెరిగి మళ్లీ మామూలైతే అదీ లెక్క. సైలెన్సర్ దగ్గర కూడా చెవి పెట్టండి. ఒకే తాళంలో మిస్సవుతూ నల్లపొగ వస్తే రిచ్, తాళం లేకుండా చిటపటలాడితే లీన్.

అంతా కుదిరాక క్లాంపులు బిగించేటప్పుడు క్లాంపు లివరు మీది పిన్నుకీ, అది దూరే ఫోర్కు కింది అంచుకీ మధ్య 6 థౌ ఫీలర్ పెట్టి బిగించండి. రెండూ ఒకేసారి తెరుచుకోవాలి.

సైడ్‌డ్రాఫ్ట్ | శనివారం, ఉదయం 8:15

అంతా బాగుంది మామగారూ, ఆ గొట్టం దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. మీ చెవికి ముప్ఫై ఐదేళ్ల శిక్షణ. మాకు లేదు కదా.

అంబాసిడర్ మామ | శనివారం, ఉదయం 8:40

నిజమే బాబూ. కానీ ఆయన డాక్టరు. చెవితోనే కదా అన్నం తింటున్నారు.

లెస్టర్ డాక్టర్ | ఆదివారం, సాయంత్రం 6:50

మామగారి ఆ ఒక్క ముక్కతో బుర్ర వెలిగింది. పాత స్టెతస్కోప్ గుండె మీద ఆనించే బిళ్ల పీకేసి, ఉత్త గొట్టం కార్బ్యురేటర్ నోట్లో పెట్టాను. ఏం వినిపించిందో చెప్పలేను! ముందుది "స్స్", వెనకది "హ్హ్". గుండెల్లో మర్మర్లు విన్న చెవులకు ఇదేం లెక్క. వెనకదాని స్క్రూ పావు చుట్టు తిప్పితే రెండూ ఒకే శ్రుతిలోకి వచ్చాయి. పక్కింటి పెద్దాయన కంచె మీంచి చూసి, బండికి జబ్బేమిటని అడిగాడు.

సైడ్‌డ్రాఫ్ట్ గారి మాట కూడా తీసెయ్యలేదు. మీటర్ అరువు తెచ్చి సరిచూశాను. స్లోలో రెండూ సమానం. 2000 దగ్గర మాత్రం వెనకది వెనకబడింది. ఫోర్కు సందు ఒక పక్క ఎక్కువైంది, క్లాంపు మళ్లీ బిగిస్తే సరిపోయింది. స్లోలో మాత్రమే చూసి వదిలేసి ఉంటే ఇది దొరికేది కాదు.

పిన్ను పరీక్షకు రెండూ ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటున్నాయి. స్లో 700 దగ్గర కదలకుండా నిలబడింది. ఇరవై మైళ్లు తిప్పి వచ్చాను. గుక్క లేదు, మిస్సింగ్ లేదు.

సైడ్‌డ్రాఫ్ట్ | ఆదివారం, రాత్రి 7:30

మీటర్ పరువు నిలబెట్టారు. థాంక్స్.

అంబాసిడర్ మామ | సోమవారం, ఉదయం 6:00

ప్లగ్గులు?

లెస్టర్ డాక్టర్ | సోమవారం, ఉదయం 6:45

డ్యూటీకి వెళ్లే ముందు విప్పాను. 1, 2 మారీ బిస్కెట్ రంగు. 3, 4 దానికంటే కాస్త పాలిపోయి ఉన్నాయి.

అంబాసిడర్ మామ | సోమవారం, ఉదయం 6:50

వెనకదాని నట్టు ఒక్క పలక కిందికి. ఒక్కటే. తిప్పి, ఇక మూత వేసెయ్యండి.

లెస్టర్ డాక్టర్ | సోమవారం, రాత్రి 9:10

ఒక్క పలక దింపాను. మూత వేశాను.

ఆర్‌డీ 350 | సోమవారం, రాత్రి 9:14

అన్నా, సంక్రాంతికి వస్తున్నప్పుడు ఆ పాత స్టెతస్కోప్ పట్టుకురా. నా ఎడమ మికుని గుండె కూడా ఓసారి చూద్దువు.